చదరంగం పజిల్స్: ఫోనులోనా, పుస్తకంలోనా, సొంత ఆటల్లోనా?

చెన్నైలో పిల్లల చదరంగం టోర్నమెంటు జరుగుతున్న ఏ స్కూలు వరండాలో నిలబడినా తెలుగు వినిపిస్తుంది. లోపల పిల్లలు గడియారం నొక్కుతూ ఆడుతుంటే బయట అమ్మానాన్నలు ఒకరినొకరు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "మీ వాడు పజిల్స్ ఎందులో చేస్తాడండీ?" ఆ వెంటనే రెండో మాట వస్తుంది. "మా అమ్మాయి పజిల్ రేటింగు రెండు వేలు దాటింది. కానీ ఆటకు కూర్చుంటే చేతిలోకి వచ్చిన ఏనుగును కూడా చూడకుండా వదిలేస్తోంది."

అన్నానగర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు సాయంత్రాలు చదరంగం నేర్పుతుంటాను కాబట్టి ఈ ప్రశ్న నా దగ్గరికీ తరచూ వస్తుంది. పజిల్ అంటే బోర్డు మీద ఒక స్థితిని ఇచ్చి, అందులో గెలిపించే ఎత్తులు కనుక్కోమనే చిక్కుప్రశ్న. వాటిని సరిగ్గా చేసినకొద్దీ యాప్ పెంచే అంకె పజిల్ రేటింగు. ఉచిత యాప్, డబ్బు కట్టే యాప్, పుస్తకం, కోచ్ పంపే వర్క్‌షీటు, ఇలా దారులు చాలా ఉన్నాయి. వీటిలో చెడ్డది ఏదీ లేదు. అయితే ఎంచుకునేటప్పుడు అందరూ చూసేది పజిల్స్ ఎన్ని ఉన్నాయి, ధర ఎంత, స్క్రీను ఎంత అందంగా ఉంది అని. నేను చూసేది ఒక్కటే. మొదటి ఎత్తు వేయకముందే చివరి ఎత్తు దాకా లెక్క కట్టే అలవాటును ఏది నేర్పుతోంది? పిల్లవాడికైనా పెద్దవాళ్లకైనా ఆ అలవాటు ఎందులో కుదిరితే అదే వాళ్లకు సరైనది.

బోర్డు ఉంటే ఈ స్థితిని పేర్చి చూడండి. గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డ వరుసను చెబుతుంది. తెల్ల రాజు జి1లో, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2లో, మంత్రి సి4లో, గుర్రం జి5లో ఉన్నాయి. నల్ల రాజు హెచ్8 మూలలో, దాని ముందు బంట్లు జి7, హెచ్7లో, ఏనుగు ఇ8లో, మంత్రి డి6లో ఉన్నాయి. ఎత్తు తెల్లవారిది.

ఫోర్క్, అంటే ఒకే పావుతో ఒకేసారి రెండింటి మీద దాడి, తెలిసిన ఏ పిల్లవాడైనా క్షణంలో గుర్రాన్ని ఎఫ్7కు దూకిస్తాడు. అక్కడి నుంచి అది రాజుకు చెక్ చెబుతూ డి6లోని మంత్రి మీద కూడా పడుతుంది. యాప్‌లో ఆకుపచ్చ టిక్ వస్తుంది, పిల్లవాడి ముఖం వెలిగిపోతుంది. నల్ల రాజు జి8కు జరుగుతుంది. ఇప్పుడు వాడు మంత్రిని కొట్టేస్తాడు. అది చెడ్డ ఎత్తేమీ కాదు, దానితోనూ ఆట గెలవవచ్చు. కానీ ఈ స్థితిలో అంతకంటే బలమైనది ఉంది. గుర్రం డి6కు కాకుండా హెచ్6కు వెళితే, గుర్రం ఒక చెక్, దాని వెనక దారి తెరుచుకున్న మంత్రి మరో చెక్. జంట చెక్‌కు రాజు కదలడం తప్ప వేరే మందు లేదు. ఎఫ్8కు వెళితే ఎఫ్7లో మంత్రితో అక్కడికక్కడే ఆటకట్టు. హెచ్8కే తిరిగి వెళితే తెల్లవాళ్లు మంత్రిని తీసుకెళ్లి జి8లో, రాజు పక్కనే పెడతారు. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు దాన్ని కొట్టలేదు, ఏనుగే కొట్టాలి. కొట్టగానే గుర్రం మళ్లీ ఎఫ్7కు. నల్ల రాజుకు కదలడానికి గడి లేదు. చుట్టూ ఉన్న మూడు గళ్లలోనూ సొంత బలగమే నిలబడి ఉంది. 1497లో స్పెయిన్‌లో లుసేనా అచ్చువేసిన పుస్తకంలోనే ఉన్న ఎత్తుగడ ఇది. ఇప్పటికీ పిల్లలకు చూపించిన ప్రతిసారీ వాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

ఇక్కడ గమనించవలసింది మొదటి ఎత్తును. ఫోర్క్ మాత్రమే చూసినవాడూ గుర్రాన్ని ఎఫ్7కే వేశాడు, నాలుగు ఎత్తుల ఆటకట్టు మొత్తం చూసినవాడూ ఎఫ్7కే వేశాడు. ఇద్దరికీ అదే ఆకుపచ్చ టిక్. స్క్రీను ఆ తేడాను రెండో ఎత్తు దాకా చెప్పలేదు, అప్పటికి పిల్లవాడి వేలు ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. కాగితం మీద రాయమంటే కథ వేరు. "గుర్రం ఎఫ్7, రాజు జి8, గుర్రం హెచ్6" అంటూ వరస మొత్తం, ప్రత్యర్థి జవాబులతో సహా రాయాలి. సగం చూసినవాడు సగం దగ్గరే ఆగిపోతాడు, ఎక్కడ ఆగాడో వాడికే కనిపిస్తుంది.

పజిల్ రేటింగు పెరిగినా ఆట పెరగకపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. పైగా పజిల్ రేటింగును, ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే టోర్నమెంటు ఆటలకు ఇచ్చే రేటింగుతో పోల్చనే కూడదు. రెండూ వేర్వేరు కొలబద్దలు. 2024 మార్చి నుంచి ఫిడే జాబితాలో కనీస రేటింగు 1400గా ఉంది. యాప్‌లో 2000 ఉన్న పిల్లవాడికి ఫిడే రేటింగు ఇంకా రాకపోవడం మామూలే. దానికి పిల్లల్ని కోప్పడుతున్న తల్లిదండ్రులను చూస్తే బాధ కలుగుతుంది.

సైట్లు, యాప్‌లు

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే లీచెస్ కంటే మంచిది నాకు తెలియదు. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన థిబో డుప్లెసీ మొదలుపెట్టిన ఈ సైటు విరాళాలతో నడుస్తుంది. ప్రకటనలు లేవు, రోజుకు ఇన్నే అన్న పరిమితి లేదు. లక్షల కొద్దీ పజిల్స్ అన్నీ అక్కడ మామూలు మనుషులు ఆడిన ఆటల్లోంచే కంప్యూటర్ ఏరినవి. ఇది పెద్ద సుగుణం. కవులు అల్లినట్టు అల్లిన అందమైన స్థితులు కావవి, మన పిల్లలు రేపు ఎదుర్కొనే గజిబిజి స్థితులే. చివరి ఎత్తుతో ఆటకట్టు అయ్యే సందర్భాల్లో తప్ప ప్రతి అడుగులోనూ సరైన ఎత్తు ఒక్కటే ఉండేలా వాటిని ఎంపిక చేస్తారు. అందువల్ల "నాది కూడా బాగానే ఉంది కదా" అన్న వాదనకు తావుండదు.

అందులో పిన్ (వెనకున్న పెద్ద పావు కోసం ముందున్నది కదలలేకపోవడం), ఫోర్క్, స్క్యూయర్ (ముందున్న పెద్ద పావు తప్పుకుంటే వెనకది దొరకడం), వెనుక వరుస ఆటకట్టు ఇలా అంశాల వారీగా కూడా చేసుకోవచ్చు. కొత్త ఎత్తుగడ నేర్చుకున్న వారంలో ఇది చాలా ఉపయోగం. ఆ తర్వాత మాత్రం కలగలుపు పజిల్స్‌కు మారిపోవాలి. "ఇది పిన్" అని ముందే తెలిస్తే సగం జవాబు చేతికి ఇచ్చినట్టే. ఆటలో ఎవరూ మన చెవిలో ఆ మాట చెప్పరు. మన పజిల్ డ్యాష్‌బోర్డు తెరిస్తే ఏ అంశంలో బలంగా ఉన్నామో, ఏ అంశంలో తడబడుతున్నామో కనిపిస్తుంది. నెలకోసారి దాన్ని చూసి, వెనకబడిన అంశం ఒక్కటే తీసుకుని కొద్దిరోజులు దాని మీద కూర్చోవడం మంచి పద్ధతి.

చెస్ డాట్ కామ్ చాలామంది పిల్లలకు మొదటి ఇల్లు. బొమ్మలు బాగుంటాయి, స్నేహితులందరూ అక్కడే ఉంటారు. ఉచిత ఖాతాకు రోజుకు కొన్ని రేటెడ్ పజిల్స్ మాత్రమే దొరుకుతాయి, ఆపైన చందా కట్టాలి. ఈ పరిమితిని అందరూ లోటుగా చూస్తారు. నాకైతే అది చిన్నపిల్లలకు మేలే అనిపిస్తుంది. రోజుకు కొన్నే ఉన్నాయని తెలిస్తే ఒక్కొక్కదాన్ని జాగ్రత్తగా చూస్తారు. చందా కట్టాలా వద్దా అంటే, పిల్లవాడు ఉచితంగా దొరికిన వాటినే తీరిగ్గా, వరస మొత్తం చెప్పి చేస్తున్నాడా అని ముందు చూడండి. చేస్తుంటే, ఇంకా అడుగుతుంటే కట్టండి. అడగకపోతే ఆ డబ్బుతో రెండు మంచి పుస్తకాలు వస్తాయి.

చెస్‌టెంపో పాతకాలపు రూపంలో ఉంటుంది, పిల్లలను అంతగా ఆకట్టుకోదు. కానీ గంభీరంగా సాధన చేసే పెద్దలకు నేను మొదట చెప్పేది దాన్నే. అందులో స్టాండర్డ్ పద్ధతిలో ఎంతసేపు ఆలోచించినా రేటింగు మీద ప్రభావం ఉండదు, జవాబు సరైనదా కాదా అన్నదే లెక్క. బ్లిట్జ్ పద్ధతిలో వేగమూ లెక్కకు వస్తుంది. ఇలా రెండింటినీ విడదీసి పెట్టడం వల్ల మనం దేనికి సాధన చేస్తున్నామో మనకు స్పష్టంగా తెలుస్తుంది.

వేగం ఆటలు

పజిల్ రష్, పజిల్ స్టార్మ్ లాంటివి పిల్లలు వదలకుండా ఆడతారు. మొదటిది చెస్ డాట్ కామ్‌లో ఉంది. మూడు నిమిషాల్లోనో అయిదు నిమిషాల్లోనో వీలైనన్ని చేయాలి, మూడు తప్పులు జరిగితే ఆట ముగుస్తుంది. రెండోది లీచెస్‌లో ఉంది. మూడు నిమిషాలతో మొదలవుతుంది, తప్పు లేకుండా వరసగా చేస్తే అదనపు సమయం వస్తుంది. వీటి పని వేరు. తెలిసిన రూపాలను కంటికి చిటికెలో గుర్తుకు తెచ్చేందుకు ఇవి పనికొస్తాయి. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలు ఆడేవాళ్లకు, టోర్నమెంటు ఉదయం మెదడును మేల్కొలపడానికి మంచివి. కొత్త విషయం నేర్పడం, లోతుగా లెక్క కట్టించడం వీటి వల్ల కాదు. రోజు సాధన మొత్తం వీటితోనే గడిచిపోతే పిల్లవాడికి అబ్బేది మొదట తోచిన ఎత్తునే వేసే అలవాటు. గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటలో ఓడించేది కూడా అదే అలవాటు. అందుకే తాళింపులో ఆవాలంత వేస్తే చాలంటాను.

వేగం కాకుండా ఉత్సాహం కావాలంటే లీచెస్‌లోని పజిల్ స్ట్రీక్ మేలు. గడియారం ఉండదు, పజిల్స్ క్రమంగా కఠినమవుతాయి, ఒక్క తప్పుతో వరస తెగిపోతుంది. తెగుతుందన్న భయమే పిల్లవాణ్ని ఆగి ఆలోచించేలా చేస్తుంది.

కాగితం మీద

పుస్తకాల్లో ఒకటి రెండింటి గురించే చెబుతాను. హంగరీకి చెందిన లాస్లో పోల్గార్ తన ముగ్గురు కూతుళ్లను చదరంగంలో పెంచి పెద్ద చేసిన తండ్రి. ఆయన 5334 స్థితులతో కూర్చిన లావుపాటి పుస్తకంలో ఒక ఎత్తు ఆటకట్లు 306, రెండెత్తులవి 3412, మూడెత్తులవి 744 ఉన్నాయి. వివరణలు చాలా తక్కువ, అంతా బొమ్మలే. కాబట్టి ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాని పిల్లలకూ ఇబ్బంది లేదు. రెండెత్తుల ఆటకట్లు చాలావరకు సమస్యాపూరణంలా ప్రత్యేకంగా అల్లినవి. మొదటి ఎత్తు చెక్ కాకుండా మెల్లగా జరిపేది కావచ్చు. ప్రత్యర్థి ఏ జవాబు ఇచ్చినా ఆటకట్టు ఉందా అని ఒక్కొక్కటీ సరిచూసుకునే ఓపికను ఇవి నేర్పినట్టు మరేవీ నేర్పవు. ఆటలో వచ్చే స్థితుల్లా ఉండవు కాబట్టి వీటితోనే సరిపెట్టకూడదు.

అంచెలంచెలుగా వెళ్లాలనుకునే తల్లిదండ్రులకు నెదర్లాండ్స్‌లో రాబ్ బ్రూనియా, కోర్ వాన్ వైగర్డెన్ 1987లో మొదలుపెట్టిన స్టెప్స్ పద్ధతి వర్క్‌బుక్కులు సరిపోతాయి. ఆరు మెట్లు, ఒక్కో మెట్టుకూ సన్నని పుస్తకాలు. పేజీకి కొన్ని బొమ్మలు, బొమ్మ కింద జవాబు రాసే చోటు ఉంటుంది. యాప్‌లో దాక్కునే సగం జవాబులు ఇక్కడ దాక్కోలేవు.

కొత్త పుస్తకాలు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి. అన్నాసాలైలోని హిగ్గిన్‌బాథమ్స్‌లో ఒకసారి చేత్తో తిరగేసి, బొమ్మల అచ్చు పిల్లవాడి కంటికి పెద్దగా ఉందో లేదో చూసి కొనడం నాకు ఇష్టం. సెంట్రల్ దగ్గర అల్లికుళం పాత పుస్తకాల దుకాణాల్లోనూ అదృష్టం పరీక్షించుకోవచ్చు. అయితే పాత పుస్తకంలో ఎవరో పెన్సిలుతో జవాబులు రాసి ఉంటే మాత్రం తీసుకోకండి.

కొత్తవి చేస్తూ పోవాలా, చేసినవే మళ్లీ చేయాలా అన్నది మరో ఎంపిక. స్వీడన్ ఆటగాడు హాన్స్ టిక్కనెన్ ఒకే పజిల్స్ సంపుటిని పదే పదే, ప్రతిసారీ తక్కువ కాలంలో పూర్తిచేస్తూ సాధన చేసి 2010లో గ్రాండ్‌మాస్టర్ బిరుదుకు కావలసిన ప్రమాణాలు అందుకున్నాడు. ఆక్సెల్ స్మిత్‌తో కలిసి 2018లో తెచ్చిన పుస్తకంలో ఇందుకోసం 1128 స్థితులు ఇచ్చాడు. ఉద్యోగాలు చేసుకునే పెద్దలకు ఈ పద్ధతి బాగా పనికొస్తుందని నా నమ్మకం. వయసు పెరిగాక చూసినది చప్పున గుర్తు రాదు, తిరగేస్తేనే నిలుస్తుంది. చిన్నపిల్లలకు మాత్రం సిఫారసు చేయను. వాళ్లు స్థితిని కాకుండా జవాబునే బట్టీ పడతారు.

పుస్తకానికి ఒక కష్టం ఉంది. తప్పు చేస్తే ఎందుకు తప్పో అది చెప్పదు. మనం అనుకున్న ఎత్తుకు ప్రత్యర్థి జవాబు ఏమిటో ఒక్కోసారి జవాబుల పేజీలో ఉండదు. అందుకే నేను రెండింటినీ కలుపుతాను. కాగితం మీద రాశాకే ఫోను తెరిచి, ఎత్తులను లెక్క కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం అయిన ఇంజన్‌తో సరిచూడాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు. మన చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి బిడ్డ గుకేశ్ చాలాకాలం పాటు ఇంజన్ సాయం లేకుండానే శిక్షణ పొందాడన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. గ్రాండ్‌మాస్టర్ అయ్యాక కూడా కొంతకాలం కోచ్ విష్ణుప్రసన్న అతన్ని ఇంజన్‌కు దూరంగానే ఉంచారు.

ఎవరూ చెప్పని పజిల్

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆట. గుకేశ్, డింగ్ లిరెన్ చెరి ఆరున్నర పాయింట్లతో సమంగా ఉన్నారు. బోర్డు మీద చెరొక ఏనుగు, చెరొక శకటు, అదే బిషప్, మిగిలాయి. నల్లపావులతో ఆడుతున్న గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. చూసేవాళ్లందరూ డ్రా అనే అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కు జరిపాడు. ఏనుగులు మారిపోయాయి. డింగ్ శకటు ఏ8 మూలలో ఉంది, దానికి ఉన్నది ఒక్కటే ఐమూల దారి. గుకేశ్ తన శకటును డి5లో, ఆ దారికి అడ్డంగా పెట్టాడు. ఇక శకట్ల మార్పిడి తప్పలేదు. మిగిలినవి రాజులు, బంట్లే. ఒక బంటు ఎక్కువున్న గుకేశ్ 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు.

ఇదే స్థితిని "నల్లవారు గెలవాలి" అని పజిల్‌గా ఇస్తే మా అపార్ట్‌మెంట్‌లో కాస్త ఆడే పిల్లలు కూడా కనుక్కుంటారు. అప్పటి ప్రపంచ విజేత డింగ్ పోగొట్టుకున్నది అలసటలో, ఒత్తిడిలో, ఇక్కడ ఏదో ఉందని ఎవరూ చెప్పని క్షణంలో. ఏ యాప్‌లోనైనా, ఏ పుస్తకంలోనైనా "ఇక్కడ ఏదో ఉంది" అన్న సూచన ముందే ఉంటుంది. ఆ సూచన లేకుండా సాధన చేయించే చోటు ఒక్కటే, మన సొంత ఆటలు.

కాబట్టి అన్ని ఎంపికల్లోనూ దీన్ని తప్పనిసరి చేయమంటాను. లీచెస్‌లో ఆడిన ఆటను కంప్యూటర్ విశ్లేషణకు పంపితే, ఆ తర్వాత "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అనే సదుపాయం వస్తుంది. మనం తప్పు చేసిన స్థితుల దగ్గరికే తీసుకెళ్లి ఇంకా మంచి ఎత్తు వెతకమంటుంది. ఉచితం. టోర్నమెంటు ఆటల ఎత్తులు ఎలాగూ రాసే ఉంటాయి కాబట్టి వాటిని కూడా ఎక్కించుకోవచ్చు. ఇలా దొరికిన స్థితులను ఒక నోటుపుస్తకంలో, బొమ్మ గీసి, "ఏమి చూశాను, ఏమి చూడలేదు" అని రాసుకునే పిల్లలు నా దగ్గర ఉన్నారు. ఫోర్క్‌లు బాగా వచ్చిన ఒక అమ్మాయి నోటుపుస్తకంలో పేజీల తరబడి ఒకే రకం తప్పు కనిపించింది. ప్రత్యర్థి ఎత్తు వేశాక అది ఎందుకు వేశాడో చూడకుండానే తన ఎత్తు వేసేస్తోంది. ఆమెకు ఇంకో వెయ్యి ఫోర్క్‌లు అక్కర్లేదు. కాబట్టి రక్షణ పజిల్స్, అంటే ప్రత్యర్థి బెదిరింపును కనిపెట్టి ఆపేవి, ఇవ్వడం మొదలుపెట్టాను.

ఇక ఎవరికి ఏది

పావుల నడక నేర్చుకుని కొన్ని నెలలే అయిన పిల్లలకు ఒక ఎత్తు ఆటకట్లు, ఊరికే దొరికే పావులను కొట్టడం చాలు. పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. విశ్వనాథన్ ఆనంద్ బాల్యం ఇందుకు మంచి ఉదాహరణ. 1970ల చివర్లో ఆ కుటుంబం మనీలాలో ఉన్నప్పుడు అక్కడి టీవీలో చదరంగం కార్యక్రమం వచ్చేది. ఆనంద్ బడిలో ఉండే వేళకు వచ్చే పజిల్స్‌ను తల్లి సుశీల రాసిపెట్టేవారు, సాయంత్రం ఇద్దరూ కలిసి చేసి జవాబు పంపేవారు. బహుమతిగా పుస్తకాలు వచ్చేవి. గెలిచి గెలిచి చివరికి, కావలసినన్ని పుస్తకాలు తీసుకెళ్లండి గానీ ఇక జవాబులు పంపకండి అన్నారని ఆనందే చెప్పారు. ఫోను చేతికిచ్చి పక్కగదిలోకి వెళ్లేకంటే, ఆట రాకపోయినా సరే పక్కన కూర్చుని "ఆ తర్వాత వాళ్లు ఏమి వేస్తారు?" అని అడగండి. మీ దగ్గర జవాబు ఉండనక్కర్లేదు.

జిల్లా, రాష్ట్ర స్థాయి టోర్నమెంట్లు ఆడే బడి పిల్లలకు రోజూ అరగంట కాగితం మీద, వారానికి ఒకసారి సొంత ఆటల మీద. కోచింగ్‌కు వెళ్తుంటే అక్కడిచ్చే షీట్లే చాలు, వాటి మీద ఇంకో యాప్ మోపకండి. అయితే కోచ్ ఆ షీట్లను వరస మొత్తం చూసి దిద్దుతున్నారా, మొదటి ఎత్తుకే టిక్ పెడుతున్నారా అని ఒకసారి తిరగేసి చూడండి. ఫీజుకు తగిన ఫలితం అక్కడే తెలుస్తుంది.

తాంబరం లోకల్లోనో ఓఎమ్ఆర్ కంపెనీ బస్సులోనో రోజుకు గంట గడిపే ఉద్యోగులకు ఫోనే గతి. నిలబడి ఊగుతూ లోతైన పజిల్స్ చేయలేరు. కాబట్టి ప్రయాణంలో మీ స్థాయికి తేలికైన పజిల్స్ పెట్టుకోండి, చేసినవే మళ్లీ చేయండి. కఠినమైనది మాత్రం రాత్రి ఒక్కటి, బోర్డు మీద పేర్చి, పావులను ముట్టుకోకుండా చూడండి. పదిహేను నిమిషాల్లో తేలకపోతే జవాబు చూసి, మరుసటి వారం మళ్లీ పేర్చుకోండి.

రిటైరయ్యాక మొదలుపెట్టినవాళ్లకు, మనవలతో ఆడాలనుకునేవాళ్లకు పజిల్ రేటింగు కనిపించకుండా పెట్టుకునే వీలు లీచెస్‌లో ఉంది. ఆ అంకెను దాచేసి చేయండి.

టోర్నమెంటుకు ముందు వారం కొత్త పుస్తకం తెరవకండి. ఇదివరకు చేసి సరిగ్గా వచ్చినవే తిరగేయండి, వరస మొత్తం పైకి చెబుతూ. ఆట రోజు పొద్దున అయిదారు తేలికైనవి చేస్తే చాలు, హాలు బయట వరండాలో ఫోను పట్టుకుని చేసేవి అసలొద్దు. ఆ సమయంలో ఒక్క తప్పు జరిగినా పిల్లవాడు ఆ బెంగతోనే మొదటి ఆటకు కూర్చుంటాడు.